ఫాదర్ శౌరయ్య ఎందుకు పలకలేదు?

శవం కాలువలో ఉంది.

మోకాలి లోతు నీళ్లు. అడుగున బండరాళ్లు. యాసంగి వరికి వదిలిన నీరు కల్వర్టు కింద నుంచి పారుతోంది. తెల్లటి అంగీ వేసుకున్న పెద్దాయన వెల్లకిలా పడి ఉన్నాడు. తల వెనక గట్టి దెబ్బ. కళ్లజోడు కొంచెం అవతల ఒక రాయికి తట్టుకుని ఆగింది.

సీఐ అరుంధతి కల్వర్టు మీద నిలబడి చూసింది. టోపీ తీసి చంకలో పెట్టుకుంది.

కేసముద్రం చుట్టుపక్కల ఫాదర్ శౌరయ్యను ఎరగనివాళ్లు లేరు. ముప్పై ఏళ్ల కింద గుంటూరు వైపు నుంచి వచ్చాడు. చర్చికి గురువు, దాని పక్కనున్న బడిలో లెక్కల మాస్టారు. వచ్చిన కొత్తలో ఆయన మాట విని పిల్లలు నవ్వేవారు, పిల్లల మాట విని ఆయన నవ్వేవాడు. రెండేళ్లు తిరిగేసరికి లంబాడీ భాషలో ఎక్కాలు చెప్పడం మొదలుపెట్టాడు.

మిరపకాయలు తెంపే రోజుల్లో తండాల పిల్లలు బడి మానేసి చేలకు పోతారు. బడి గంట కొట్టించి ఊరుకునే రకం కాదు ఫాదర్. స్కూటర్ మీద చేను చేనుకూ పోయేవాడు. తల్లులతో వాదించేవాడు కాదు. గట్టు మీద చెప్పులు విడిచి, తనూ వంగి మిరపకాయలు తెంపేవాడు. ఆ చేతులతోనే కళ్లు తుడుచుకుని గిలగిల్లాడేవాడు. ఆ అవస్థ చూడలేక ఏదో ఒక తల్లి, "తీస్కపో సామీ, నువ్వు మాత్రం ఇంటికి పో" అని బిడ్డను అప్పజెప్పేది.

అలాంటి మనిషి నీళ్లలో పడి ఉంటే చూడటానికి ఎవరికైనా గుండె కావాలి.

"హార్ట్ ఎటాక్ మేడం" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ తిరుపతి. "పొద్దున నడుచుకుంట వచ్చిండు. కల్వర్టుకు పిట్టగోడ లేదు. నొప్పొచ్చి తూలి పడ్డడు."

"ఎట్ల తెలిసింది?"

"చూసినోళ్లు చెప్పిన్రు. ఛాతి మీద చెయ్యి పెట్టుకొని నడిచిండట. దొంగ కూడ దొరికిండు."

"దొంగేంది?"

"లక్ష్మా అని, తండా ముసలాయన. మేకలు కాస్తడు. శవాన్ని మొదలు చూసింది గాయనే. ఫాదర్ ఫోన్ ఆయన జేబుల దొరికింది. చచ్చినాయన జేబు కొట్టిండు మేడం. లాకప్పుల పెట్టిన."

గుండెపోటు ఒకటి, దొంగతనం ఒకటి. గంటలో రెండూ తేలిపోయాయి. తిరుపతి ముఖంలో కాస్త గర్వం కూడా ఉంది.

అరుంధతి కాలువలోకి దిగింది. చేతికి గడియారం ఉంది. వేలికి ఉంగరం ఉంది. బయటి జేబులో పర్సు తడిసి ముద్దయింది. అంగీ లోపల, ఎడమవైపు ఇంకో చిన్న జేబు. దాని గుండీ తీసి ఉంది. తెగలేదు, ఊడలేదు. ఎవరో నెమ్మదిగా తీశారు. జేబు ఖాళీ.

"లోపలి జేబుల ఏముండె?"

"ఏమో మేడం."

ఎవరికీ తెలియదు.

*

మధ్యాహ్నం మహబూబాబాద్ దవాఖానలో పోస్టుమార్టం అయింది.

"ప్రాణం తీసింది తల దెబ్బే" అన్నాడు డాక్టర్. "గుండె సంగతి ల్యాబ్ రిపోర్టు వస్తేగానీ చెప్పలేను."

"చేతులు చూపించండి."

డాక్టర్ చూపించాడు. అరచేతులు శుభ్రంగా ఉన్నాయి. మోచేతుల మీద చిన్న గీత కూడా లేదు.

"వెనక్కి పడేవాడు చేతులు ఆనిస్తాడు కదా డాక్టర్?"

"ఆనిస్తాడు. అది మన చేతిలో ఉండదు. నిద్రలో పడ్డా ఆనిస్తాం."

"మరి ఈయన?"

"రెండు చేతులూ ఛాతి మీదే ఉండి ఉంటాయి. నొప్పి అంత గట్టిగా వచ్చి ఉంటుంది."

సరిపోయింది. అన్నీ గుండెపోటుకే సరిపోతున్నాయి. అరుంధతికి నచ్చనిది కూడా అదే.

*

మర్నాడు పొద్దున్నే ఆమె బుచ్చి హోటల్ దగ్గర జీపు ఆపించింది. చర్చి నుంచి తండాకు పోయే దారిలో ఉన్న టీకొట్టు అది.

"ఫాదర్‌ను చూసింది నువ్వేనా?"

"నేనే అమ్మా. ఏడున్నర అయితుండె. నమస్తే ఫాదర్ అన్న. పలుకలే. ఎన్నడు లేదు గట్ల. నా బిడ్డకు పదో తరగతిల లెక్కలు నేర్పింది గాయనే. రోజు బుచ్చమ్మా అని తనే పిలుస్తడు."

"కోపంగ ఉన్నడా?"

"గట్లనే అనుకున్న. ఆయనకు కోపమొస్తే తిట్టడు, కొట్టడు. మాట బందు పెడ్తడు. బడి పిల్లలందరికి ఎరుకే. తర్వాత సచ్చిపోయిండంటే, అయ్యో, నొప్పితోని పలుకలేదు గావచ్చు అనుకున్న."

"చెయ్యి ఎక్కడ పెట్టుకున్నడు?"

బుచ్చి ఎడమ చేతిని రొమ్ము మీద ఆనించి చూపించింది. అరచేయి చదునుగా ఉంది. వేళ్లు ముడుచుకోలేదు.

"చెమటలు పట్టినయా?"

"లేదు."

"ఆగిండా? కూర్చున్నడా?"

"లేదమ్మా. టకటక నడిచిండు. కండ్లు దించుకొని."

"స్కూటర్ ఏమైంది?"

"చర్చిలనే ఉన్నది. మొన్ననే బాగు చేపిచ్చిన్రు."

అరుంధతి టీ గ్లాసు కింద పెట్టింది.

గుండె నొప్పి ఉన్నవాడు టకటక నడవడు. స్కూటర్ ఉన్నవాడు మైలు దూరం నడవడు. పిలిచి మరీ పలకరించే మనిషి మూగవాడైపోడు. ఈ మూడూ ఒకేసారి జరిగాయంటే ఒకే కారణం ఉండాలి.

ఆమెది రఘునాథపల్లి. హైస్కూలు చదువంతా జనగామలో కాన్వెంటు హాస్టల్లో సాగింది. వాళ్లింట్లో ఎవరూ చర్చి గడప తొక్కినవాళ్లు కాదు. కానీ ఐదేళ్లు హాస్టల్లో ఉన్న పిల్ల కొన్నిటిని చూడకుండా ఉండలేదు. చూసింది ఇప్పుడు గుర్తుకొచ్చింది.

"చర్చికి పోనీ" అంది డ్రైవర్‌తో.

*

చర్చి ముందు షామియానా వేస్తున్నారు. సాయంత్రం సమాధి. జనగామ నుంచి, భూపాలపల్లి నుంచి, కాటారం అవతలి ఊళ్ల నుంచి పాత విద్యార్థులు దిగుతున్నారు. కండక్టర్లు, నర్సులు, పంతుళ్లు. పెద్ద పెద్ద మగవాళ్లు గోడకు ఆనుకుని చిన్నపిల్లల్లా ఏడుస్తున్నారు.

బడి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ విజయను అరుంధతి పక్కకు పిలిచింది.

"సిస్టర్, పూజ సామాను దాచే గది ఒకసారి తెరవండి. చిన్న వెండి డబ్బీ ఉంటుంది. అరచేతిలో పట్టేది. ఉందేమో చూడండి."

సిస్టర్ బీరువా తెరిచింది. పై అర చూసింది. కింది అర చూసింది. తెల్లగుడ్డలు తీసి చూసింది.

డబ్బీ లేదు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. "పూజ అయినంక చాయ గూడ తాగకుండ పోయిండు. ఎక్కడికని నేను అడగలే. నాకు తట్టలేదమ్మా. దారిల పలుకలేదని కూడ నాకు ఎవ్వరు చెప్పలే."

"జబ్బుతో ఉన్నవాళ్లు ఎవరు, తండాలో?"

"ద్వాళి. మా హాస్టల్ల ఇరవై ఏండ్లు వంట చేసింది. క్యాన్సర్. ఇగ రేపో మాపో."

"ఆమె మీ మతంలో చేరిందా?"

"రెండేండ్లయింది. తనే అడిగి జ్ఞానస్నానం తీసుకున్నది. తండాల గిట్ల ఆమె ఒక్కతే."

*

ద్వాళి మంచం మీద ఎముకల గూడులా ఉంది. కళ్లు మాత్రం తలుపు వైపే ఉన్నాయి.

ఫాదర్ పోయిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పోయేవాళ్లకు పోయినవాళ్ల కబురు చెప్పి ఏం సాధిస్తాం అనుకున్నారు.

"ఫాదర్ పంపిండా బిడ్డా నిన్ను?" అంది అరుంధతిని చూసి. యూనిఫాం ఆమె చూపుకు ఆనలేదు.

అరుంధతి మంచం పట్టె మీద కూర్చుంది. "ఆయన కోసం చూస్తున్నవా అవ్వా?"

"నిన్న పొద్దుగాల రావాలె. ఫోన్ చేసి చెప్పిన. నా కొడుకును గూడ గప్పుడే రమ్మన్న. భద్రు, భూపాలపల్లిల లారీ నడుపుతడు. ముందుగాల ఫాదర్ దగ్గర్నే పంతులు పని చేసిండు."

"ఎందుకు మానిండు?"

"ఒక పోరడు మిర్చి చేను కాడికెళ్లి ఆలస్యంగ వచ్చిండని బెల్టుతోని కొట్టిండు. ఈపు చిట్లింది. ఫాదర్ తీసేసిండు. అప్పటి సంది వీనితోని మాట లేదు. మూడేండ్లు. ఇద్దరు కుమిలిన్రు బిడ్డా, నేను చూసిన గద. నేను పోయేలోపల కలుపుదామని ఇద్దర్ని ఒక్కపారి పిలిచిన."

"ఫాదర్ ఏమన్నడు?"

"ముందు నీకు సత్ప్రసాదం ఇస్త, అటెన్క వానితోని మాట్లాడుత అన్నడు. జూన్ల బడి తెరిస్తే మల్ల రమ్మంట అన్నడు." ద్వాళి ఆయాసపడింది. "వానికి నేను చెప్పలే. ఫాదర్ నోటితోనే వినాలె గద. నిన్న ఫాదర్‌కు ఏందో పని పడ్డదట. వాడే చెప్పిండు."

"భద్రు ఎప్పుడు వచ్చిండు?"

"పొద్దుగాలనే. మోకాళ్ల దాక తడిసి వచ్చిండు. సలి పెడ్తది, ప్యాంటు మార్చుకోరా అంటే ఇనడు. గా మూలకు కూసొని ఒక్కటే ఏడుసుడు. నేను పోతనని ఏడుస్తుండు పిచ్చోడు."

అరుంధతి తల వంచుకుంది. భూపాలపల్లి నుంచి తండాకు వచ్చే దారిలో దిగి దాటాల్సిన వాగు లేదు, వంక లేదు. తడవాలంటే ఒక్కటే చోటు ఉంది. ఇరవై మందిని విచారిస్తే దొరకాల్సిన సాక్ష్యం. కన్నతల్లి ప్రేమగా చెప్పేసింది. ఇలాంటి సాక్ష్యం వినాల్సి వచ్చినందుకు అరుంధతికి తన ఉద్యోగం మీద అసహ్యం వేసింది.

*

బడిలో ఎనిమిదో తరగతి గది. ఫాదర్ లెక్కలు చెప్పే గది.

లక్ష్మాను స్టేషన్ నుంచి తెప్పించింది. బుచ్చి వచ్చింది. సిస్టర్ విజయ వచ్చింది. తిరుపతి తలుపు దగ్గర నిలబడ్డాడు. తండా నుంచి పిలిపించిన భద్రు వెనక బెంచీలో కూర్చున్నాడు. ముప్పై దాటిన మనిషి, గడ్డం మాసింది.

"లక్ష్మా కాకా, ఫోన్ నీకెట్ల వచ్చింది?"

"కల్వర్టు మీద పడున్నదమ్మా. ఎవరికన్న చేద్దామంటే నాకు తెరుసుడు రాదు. తండాల పోరగాండ్లతోని చేపిద్దామని తీస్కపోయిన. గంతే."

"తిరుపతీ, దొంగ అయితే గడియారం, ఉంగరం, పర్సు వదిలి ఫోన్ ఒక్కటి తీసుకుంటడా?"

ఆమె లక్ష్మా వైపు తిరిగింది.

"కాకా, నువ్వు ఇంటికి పో. మాది తప్పయింది, ఏమనుకోకు."

లక్ష్మా పోలేదు. గోడవారగా కూర్చుండిపోయాడు.

అరుంధతి బల్లకు ఆనుకుని నిలబడింది.

"ఫాదర్‌కు గుండెపోటు రాలేదు. ఛాతి మీద చెయ్యి నొప్పికి పెట్టుకున్నది కాదు. లోపలి జేబుల ఉన్నదాన్ని కాపాడుకునేందుకు పెట్టుకున్నడు. ఆ జేబుల చిన్న వెండి డబ్బీ ఉంది. అందుల సత్ప్రసాదం ఉంది. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు ఇచ్చేది. వీళ్లకు అది రొట్టె ముక్క కాదు. సాక్షాత్తు దేవుడే. అది వెంట ఉన్నప్పుడు పాత పద్ధతి పాటించే గురువు దారిలో ఎవరితోని మాట్లాడడు. నమస్తే అంటే పలకడు. వీలైతే బండి ఎక్కడు. మా హాస్టల్ల ఫాదర్ గట్ల పోతుంటే పక్కకు జరిగి నిలబడమని సిస్టర్లు మాకు చెప్పేటోళ్లు."

బుచ్చి నోరు తెరిచింది. "అయ్యో. నా మీద కోపమనుకుంటి."

"అందరు అట్లనే అనుకున్నరు. కోపం వస్తే ఆయన మాట్లాడడని అందరికి తెలుసు. అదే కొంప ముంచింది. పడేటప్పుడు కూడ ఆయన చేతులు కింద ఆనించలే. రెండు చేతులతోని జేబును పట్టుకున్నడు. అందుకే తల పగిలింది." ఆమె వెనక బెంచీ వైపు తిరిగింది. "భద్రూ. నిన్న పొద్దున కల్వర్టు కాడ ఏమైంది?"

భద్రు లేచి నిలబడ్డాడు, పాఠం అడిగితే లేచినట్టు.

"బండి ఆపిన మేడం. కాళ్లు మొక్కిన. ఫాదర్, తప్పయింది అన్న. తిట్టుండ్రి, కొట్టుండ్రి, ఒక్క మాట అనుండ్రి అన్న. అనలే. తలకాయ ఊపి తండా దిక్కు చూపెట్టి నడువబట్టిండు. పో అన్నడనుకున్న. మూడేండ్లయినా కోపం పోలేదా అని నాకు తిక్క రేగింది. రెక్క పట్టి గుంజిన. ఇడిపిచ్చుకోబోయి ఎనకకు..."

భద్రు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"దిగిన. తల ఎత్తి ఒళ్లె పెట్టుకున్న. ఆయనే గుండీ తీసిండు. గిది నా చేతిల పెట్టి, నా ఏండ్లు ముడిచిండు. మల్ల తండా దిక్కే చూపెట్టిండు. పెదవులు కదలలే మేడం. సచ్చేటప్పుడు గూడ నాతోని మాట్లాడలే. ఊపిరి పోయింది. భయమైంది, ఉరికిన."

చొక్కా లోపలి నుంచి డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. అరచేతిలో ఇమిడేంత వెండి డబ్బీ.

"తెరిచినవా?"

"లేదు. నాది కాదు గద."

సిస్టర్ విజయ మోకాళ్ల మీద వంగింది. ఎవరూ చెప్పకుండానే బుచ్చి చెప్పులు విడిచింది.

అరుంధతి భద్రు ముందుకు వచ్చి నిలబడింది.

"నువ్వు రెండుసార్లు తప్పు అర్థం చేసుకున్నవ్ భద్రూ. కల్వర్టు మీద ఆయన నిన్ను పొమ్మనలే. నాతోపాటు ఇంటికి రా అన్నడు. మీ అవ్వకు ఇది ఇచ్చినంక నీతో మాట్లాడుతనని ముందురోజే ఆమెకు చెప్పిండు. జూన్ల నిన్ను మళ్ల బడికి రమ్మందామనుకున్నడు. ఇంకో పావుగంట అయితే మాట్లాడేటోడు."

భద్రు గోడను పట్టుకున్నాడు.

"రెండోది విను. ఈ డబ్బీని ఆయన దారిన పోయేటోని చేతికియ్యడు. పగలగొట్టుకున్న తలతోని గుండీ తీసి నీ చేతుల పెట్టిండంటే, నేను పోలేకపోయిన, మీ అవ్వ దగ్గరికి నువ్వు తీస్కపో అన్నడు. ఆయన దగ్గర ఇంతకంటే పెద్దది ఏది లేదు. కోపమున్నోనికి ఎవరన్న దేవుణ్ని అప్పజెప్తరా?"

అంత పెద్ద మనిషీ బెంచీల మధ్య నేల మీద పడి పొర్లి ఏడ్చాడు. "నాయినా, నాయినా" అన్నాడు. బతికుండగా ఆయనను ఎన్నడూ అలా పిలిచి ఉండడు. లక్ష్మా లేచి వెళ్లి అతని వీపు మీద చెయ్యి వేశాడు.

తిరుపతి బేడీలు బయటికి తీశాడు. అరుంధతి వద్దని తల ఊపింది.

"డబ్బీ సీజ్ చేయాలె గద మేడం?" అన్నాడు మెల్లగా.

"చేద్దాం. ఖాళీ అయినంక."

*

తండాకు నడిచే వెళ్లారు. ముందు సిస్టర్ విజయ, డబ్బీ రొమ్ముకు ఆనించుకుని. గురువు లేనప్పుడు రోగులకు సత్ప్రసాదం ఇచ్చే అనుమతి ఆమెకు ఉంది. వెనక భద్రు. అతని వెనక అరుంధతి. దారిలో ఒక్కరూ మాట్లాడలేదు.

ద్వాళి తలగడ ఎత్తుగా పెట్టించుకుంది. సిస్టర్ ప్రార్థన చదివి తెల్లటి ఆ చిన్న ముక్కను నాలుక మీద పెట్టింది. రెండు చెంచాల నీళ్లు తాగించింది. ముసలామె చాలాసేపు కళ్లు మూసుకుని ఉంది.

కళ్లు తెరిచి కొడుకు కోసం వెతికింది. భద్రు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"భద్రూ, ఫాదర్ కలిసిండా?"

"కలిసిండు యాడీ."

"నీతోని మాట్లాడిండా?"

తల్లిని యాడీ అని పిలిచే ఆ నోటి నుంచి ఏ మాట వస్తుందో అరుంధతికి తెలియదు. నిజం చెప్పు అని కాని, చెప్పొద్దు అని కాని ఆమె దారిలో అనలేదు.

"మాట్లాడిండు యాడీ" అన్నాడు భద్రు. "నీకు తీస్కపొమ్మని నా చేతికే ఇచ్చిండు. నేనే ఆలస్యం చేసిన."

ద్వాళి అతని చెంపలు తడిమింది. "ఏడువకు. నేను అంటనే ఉన్న గద, గాయనకు నీ మీద కోపం లేదని." ఆమె చేయి దుప్పటి మీదకు జారింది. "జూన్ల బడికి పో."

"పోత."

చర్చి దిక్కు నుంచి గంట మొదలైంది. సమాధికి ఇంకా టైముంది, జనం ఎక్కువై తొందరగా మొదలుపెట్టినట్టున్నారు. ద్వాళి ఆ గంట విని, బడి విడిచినట్టుంది, పిల్లలకు అన్నం పెట్టే వేళ అయింది అని గొణిగి నిద్రపోయింది.

భద్రు తల్లి కాళ్లకు దండం పెట్టి బయటికి వచ్చాడు. రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాడు. అరుంధతి ఆ చేతుల వైపు చూడలేక ముఖం తిప్పుకుని, జీపు తెమ్మని తిరుపతికి ఫోన్ చేసింది.